చూడని ఇంటికి బయానా

జనవరి 5, ఆదివారం. సూర్యాపేట

నాకు కోపం రాలేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. రేపు చదువుకున్నప్పుడు పనికొస్తుంది.

అమ్మ వచ్చి వెళ్లింది. వేములపల్లి నుంచి రెండు బస్సులు మారి, సంచిలో ఎండు రొయ్యలు, చింతపండు మోసుకొచ్చింది. రొయ్యలు వేయించి నాకూ నా రూంమేటు చాందీకీ పెట్టి, తను ఇంత తిని, మూడున్నర బస్సుకు బయలుదేరింది. మెట్ల దగ్గర మేము కిరాయికుంటున్న ఇంటాయన పలకరించాడట. ఊరేదంటే ఊరు చెప్పింది. పనేమంటే కూలి పనంది. మీరేమోళ్లంటే అదీ చెప్పింది. అమ్మకు అబద్ధం రాదు. నాకొచ్చు గానీ నన్నెవరూ సరిగ్గా అడగలేదు. ప్రవళిక అన్న పేరు విని ఇంటాయన తనకు నచ్చిన కులమేదో తనే అనుకొని పది నెలలు సంతోషంగా ఉన్నాడు.

నాలుగింటికి పైకొచ్చాడు.

"ఏమనుకోకు బిడ్డా. ఒక్క మాట చెప్పాలె."

"చెప్పండి సార్."

"మా ఇంట్ల పూజలుంటయ్. మా అక్కోళ్లు జర పట్టింపు మనుషులు. ఆ రొయ్యల వాసన గూడ... మార్చి పదో తారీకు దాంక టైం తీస్కో. తొందరేం లేదు."

"మొన్న మీరు మటన్ వండిండ్రు గద సార్. వాసన మా మంచం దాంక వచ్చింది."

"అది వేరే బిడ్డా."

ఏది వేరో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు కోపం రాలేదు కాబట్టి తలుపు నెమ్మదిగానే వేశాను. గడియ ఊడింది. అది ముందు నుంచే వదులుగా ఉంది.

చాందీ బట్టల షాపు నుంచి వచ్చాక చెప్పాను. మోతె దగ్గరి తండా పిల్ల. కాసేపు ఆలోచించి, "నిన్ను పొమ్మన్నడు. నన్నేమన్లే," అంది.

"అయితే?"

"నేనేమోళ్లో ఇంకా తెల్వదన్నట్టు. నేను చెప్పొస్త. ఒక్కపారే ఖాళీ చేద్దాం."


జనవరి 7

మూడు రూములు చూశాను. మూడు చోట్లా "ఏమనుకోకు". ఆ మాట ముందు పెట్టకుండా ఈ ఊళ్లో ఎవరూ మనిషిని బయటికి పంపరు. మర్యాద గల ఊరు.


జనవరి 8

నేను పని చేసే ఫోన్ రిపేరు షాపులో ఒకామె ఫోనుకు కొత్త డిస్‌ప్లే వేసి, టచ్ సరిగ్గా పని చేస్తుందో లేదో అని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాను. ఒక ఇల్లు వచ్చింది. నీలం తలుపులు, వరండాలో పేము కుర్చీ, వెనకాల సముద్రం. శ్రీలంకలో నెగొంబో అనే ఊరు. సెలవులకు వచ్చేవాళ్లకు నాలుగు రోజులకో వారానికో కిరాయికిస్తారట. ఇంటామె కింద ఉంటుంది, పై వాటా ఇస్తుంది. నూరు డాలర్ల డిపాజిట్, అంటే బయానా, కడితే మన పేరు మీద ఆపుతారు. ఇల్లు పాడు చేయకపోతే, ఖాళీ చేసిన వారానికి తిరిగి ఇస్తారు.

టచ్ బాగానే పని చేస్తోంది. అయినా ఇంకా జరిపాను. ఇంటి నియమాలు అని రాసి ఉంది. చెప్పులు బయట విడవాలి. సిగరెట్ కాల్చొద్దు. కుక్క అడిగినా బిస్కెట్లు పెట్టొద్దు.

అంతే.

మళ్లీ చదివాను. ఫ్యామిలీలకే అని లేదు. శాకాహారులకే అని లేదు. "ఓన్లీ ఫర్" అనే మాట ఎక్కడా లేదు. మూడోసారి ఇంకా మెల్లగా చదివాను, చిన్నక్షరాల్లో ఎక్కడైనా దాచారేమోనని.

ఏమీ అడగకుండా ఇల్లిస్తారా? ఇది మోసమే.


జనవరి 9

ఆ ఇల్లు మళ్లీ చూడలేదు.


జనవరి 10

రెండుసార్లు చూశాను. డిస్‌ప్లే పరీక్షించడానికే.

కుక్క పేరు కూడా రాశారు. జింజర్ అట. అంటే అల్లం.


జనవరి 12, ఆదివారం. వేములపల్లి

అన్నకు చెప్పకుండా ఉండాల్సింది.

కృష్ణన్న మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోస్తాడు. ఆదివారం ఇంటికొస్తాడు, నోటికి మాత్రం ఆదివారం లేదు. నేను సముద్రం, నీలం తలుపులు అని అమ్మకు చెబుతుంటే అన్నం కలుపుకుంటూ వింటున్నాడు.

"సూర్యాపేటల రూం దొర్కక శ్రీలంకల రూం తీస్కుంటున్నవా? డ్యూటీకి రోజు విమానంల వస్తవా?"

"నాలుగు రోజులకే. అమ్మను తీస్కపోత."

"అమ్మనా? అమ్మ మిర్యాలగూడ బస్టాండుల దిగితేనే తోవ తప్పుతది."

అమ్మ లేచి రేకు పెట్టె తెరిచి, అడుగు నుంచి చీర మడతలో చుట్టిన పాస్‌పోర్టు తీసింది. రెండేళ్ల కింద యెరూషలేము పోదామని తనకూ, తోడుకని నాకూ చేయించింది. ఏజెంటుకు అడ్వాన్సు కట్టింది. తర్వాత ఆయన ఫోను ఎత్తలేదు. ఆ పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు. ఆ పుస్తకాన్ని అమ్మ రెండేళ్లుగా ఎవరికీ చూపించలేదు. ఇవాళ తీసి నా ముందు పెట్టింది. పెట్టి, మళ్లీ తీసుకుంది.

"మనిషిని సూడకుంటనే బయానా ఇస్తరా పిల్లా? మొగం సూడాలె, మాట ఇనాలె. గొర్రెను కొనేటోడు గూడ నోరు తెరిచి పండ్లు సూస్తడు."

"వీడియో కాల్‌ల చూడొచ్చమ్మా."

"పండ్లా?" అన్నాడు అన్న.

పాస్‌పోర్టు మాత్రం పెట్టెలోకి పోలేదు. అమ్మ తలగడ కిందికి పోయింది. నేను చూశాను.

నిజం రాసుకోవాలంటే సముద్రం నాకు పెద్ద విషయం కాదు. ఎవరూ ఏమీ అడగని ఇంట్లో అమ్మను నాలుగు రాత్రులు పడుకోబెట్టాలి. ఆమె యాభై రెండేళ్లలో అలాంటి ఇల్లు మా ఇల్లొక్కటే.


జనవరి 14

ఇంటామెకు మెసేజ్ పెట్టాను. ఇంటర్‌లో ఫిజిక్స్ పోయాక నాకు ఇంగ్లీషు నేర్పింది రిపేరు వీడియోలు. కాబట్టి "స్క్రూ విప్పు", "వేడి తగ్గించు", "ఇది పోయింది" లాంటివి గట్టిగా వచ్చు. మర్యాద మాటలు రావు. నా మెసేజ్ చదివితే ఆమె ఇల్లు విప్పేస్తానని భయపడి ఉంటుంది. అయినా ఆదివారం వీడియోలో మాట్లాడదామంది.


జనవరి 19, ఆదివారం. వేములపల్లి

అమ్మ చర్చి చీరతోనే మంచం మీద కూర్చుంది. అన్న ఫోను పట్టుకున్నాడు. తెర మీద నెరిసిన జుట్టు, పువ్వుల గౌను, వెనక గోడ మీద మరియమ్మ పటం.

"మనోళ్లేనే!" అంది అమ్మ.

"వీడియోల అందరు మనోళ్లే ఉంటరు," అన్నాడు అన్న.

ఓనరమ్మ నవ్వుతూ గదులు చూపించింది. అమ్మ నా ద్వారా విచారణ మొదలుపెట్టింది.

"నీళ్లు ఎప్పుడు ఇడుస్తరో అడుగు."

అడిగాను. "నల్లా తిప్పితే వస్తాయంటుంది అమ్మా."

"ఎప్పుడు తిప్పితే?"

"ఎప్పుడు తిప్పినా."

"అబద్ధం," అంది అమ్మ, ఓనరమ్మ కేసి చూసి నవ్వుతూ.

ఆమె ఏదో చెప్పింది. అమ్మ నన్ను గిల్లింది. "ఏమడుగుతుందే?"

"ఏమడగట్లే. కుక్కను చూపిస్తుంది."

"మన గురించి ఏమడగలే?"

"పేర్లడిగింది. రూతమ్మ అంటే మంచి పేరంది."

"ఇంకేమడగలే?"

"లే."

అమ్మ ముఖంలో నవ్వు తగ్గింది. "అడుగుతది తియ్. బయానా ముట్టినంక అడుగుతది. ఆ యెరూషలేమాయన గూడ పైసలు ముట్టేదాంక అమ్మా అమ్మా అన్నడు."

చివరికి మన ఇల్లు కూడా ఆమెకు చూపించాల్సిందే అని లేచింది. మోకాలు పట్టుకొని, "అబ్బా తండ్రీ" అని ఒక నిమిషం గుంజకు ఆనుకొని, తర్వాత ఫోను లాక్కొని కుంటుకుంటూ పొయ్యి, నీళ్ల కుండ, కోడి, దాని పిల్లలు, అన్నీ చూపించింది. ఓనరమ్మ ప్రతిదానికీ "వెరీ నైస్" అంది. కోడికి రెండుసార్లు అంది.

కాల్ అయ్యాక అమ్మ ఫోను కొంగుతో తుడిచి నాకిచ్చింది.

"పండ్లు మంచిగనే ఉన్నయ్," అన్నాడు అన్న.

"కట్టు," అంది అమ్మ. "సున్న పెట్టి ఇయ్యకు. ఒకటి ఎక్కువ పెట్టి ఇయ్యి. శుభం."


జనవరి 21

నా బ్యాంకు కార్డు విదేశానికి పని చేయదట. ఫారం నింపమన్నారు. నింపాను. ఇంకో ఫారం ఇచ్చారు. శుక్రవారం రాత్రిలోగా కట్టకపోతే ఆ ఇల్లు వేరేవాళ్లకు పోతుంది.

క్రెడిట్ కార్డు ఉన్న మనిషి నాకు ఒక్కడే తెలుసు. ఆయనతో పని గురించి తప్ప మాట్లాడనని దీపావళికి ఒట్టు పెట్టుకున్నాను.


జనవరి 23

ఒట్టు పెట్టుకున్నాను.


జనవరి 24, శుక్రవారం

సత్యనారాయణ సార్‌కు కోదాడలో పెద్ద షాపు ఉంది, సూర్యాపేటలో నేను పని చేసే చిన్న షాపు కూడా ఆయనదే. వారానికోసారి వచ్చి కౌంటర్ తెరిచి చూసి, నిట్టూర్చి పోతాడు. దీపావళికి జీతం పెంచమంటే నిట్టూర్చాడు.

"సార్, మీ కార్డు ఒక్కసారి కావాలి. పైసలు ఇప్పుడే మీ చేతిల పెడత."

"దేనికమ్మాయ్? మైక్రోస్కోపు కొంటన్నావా? ఏడాది నుంచీ చెప్తన్నావుగా."

మైక్రోస్కోపు కోసం దాచిన డబ్బే ఇది. అది ఉంటే బోర్డు మీద ఎంత సన్నని సోల్డర్ టాకానైనా నేనే వేస్తాను, హైదరాబాద్ పంపే పని ఉండదు. నోరు తెరిచి అదే అబద్ధం చెప్పబోయి, "సముద్రం ఒడ్డున ఇల్లు సార్. నాలుగు రోజులకు. డిపాజిట్," అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "ఇక్కడ ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారంట కదా? చాందీ చెప్పింది."

"అందుకే సార్."

"అందుకేనా?" చాలాసేపు నవ్వాడు. నన్ను చూసి కాదు, కౌంటర్‌ను చూసి. "నేను కోదాడ నుంచి ఇక్కడికొచ్చి రూం అడిగితే ఏం అడిగారో తెలుసా? నువ్వు ఆంధ్రావోడివా అన్నారు. కోదాడ అవతల వంతెన దాటితేనే కదయ్యా ఆంధ్ర, నేనింకా ఇటే ఉన్నానన్నా. అయినా అడ్వాన్సు ఎక్కువ తీసుకున్నారు." కార్డు బల్ల మీద పెట్టాడు. "వచ్చే వారమంతా కోదాడ షాపులో చెయ్యాలి. అక్కడ కుర్రాడు మానేశాడు."

కట్టాను. నూట ఒకటి పెట్టి చూశాను. నూరే తీసుకుంటానంది. యంత్రానికి శుభం తెలియదు. అమ్మకు ఫోన్ చేసి చెబితే, "ఆ ఒక్కటి నేను తెస్త తియ్," అంది.

తెస్త అంది. అంటే వస్తుంది.


జనవరి 27. కోదాడ

రిపేరుకు వచ్చిన ఫోన్ బోర్డులన్నీ తడిసినవే. భోజనంలో కారం తక్కువ. ఇక్కడివాళ్లు నన్ను "మీరు మీరు" అంటుంటే వెనక ఎవరున్నారా అని చూస్తున్నాను.


జనవరి 30. కోదాడ

పొద్దున పదకొండుకు ఓనరమ్మ మెసేజ్. ఫోను పైన ఒక్క వరుసే కనిపించింది.

"దయచేసి ఏమీ అనుకోవద్దు, ఒక మాట అడగాలి. మీ అమ్మగారు..."

అక్కడితో తెగింది. తెరిస్తే మిగతాది వస్తుంది.

చేతిలో పని ఉంది. తర్వాత చూస్తాను.


జనవరి 31

పని ఉంది.


ఫిబ్రవరి 1

నేను భయపడే మనిషిని కాదు. ఉబ్బిన బ్యాటరీని చేత్తో పీకుతాను. మెసేజ్ తెరవకపోవడానికి కారణం, అందులో ఏముందో నాకు తెలుసు కాబట్టి. తెలిసినదాన్ని మళ్లీ చదవడం టైం వేస్టు.

అమ్మ ముందే చెప్పింది. బయానా ముట్టినంక అడుగుతది.

అమ్మ ఇవాళ ఫోన్ చేసి విమానంలో కోడిగుడ్లు పగలకుండా ఎట్ల తీసుకుపోవాలో అడిగింది. ఓనరమ్మకట.


ఫిబ్రవరి 2, ఆదివారం

ఇక ఊరుకోలేదు. ఆ ఒక్క వరుస మీదనే వేలు పెట్టి నొక్కితే, పూర్తిగా తెరవకుండానే జవాబు రాసే గడి వస్తుంది. అందులో రాసి పంపాను. తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి మార్చి, మార్చినది మెత్తగా ఉంటే మళ్లీ గట్టి చేశాను. తెలుగుది ఇక్కడ ఉంచుతున్నాను, ఎప్పుడైనా మళ్లీ అవసరం పడొచ్చు.

"మేడమ్. మీరు ఏం అడగబోతున్నారో నాకు తెలుసు. మేము మాదిగోళ్లం. మా అమ్మ నాట్లు వేస్తుంది. నేను ఫోన్లు బాగు చేస్తాను. చేపలు, రొయ్యలు, అన్నీ తింటాం. కొనుక్కొని తింటాం. మా అమ్మ మీ వంటగదిలోకి వస్తుంది, మీ గిన్నెలు ముట్టుకుంటుంది, మీ కుర్చీలో కూర్చుంటుంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, అంత దూరం వచ్చాక కాదు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బయానా తీసుకున్నవాళ్లు మాట తప్పితే రెండింతలు తిరిగి ఇవ్వాలి. కాబట్టి మీరు రెండు వందలు పంపాలి. ప్రవళిక."

మనసు తేలికయింది. ఇంత తేలికవుతుందని తెలిస్తే సూర్యాపేటలో ప్రతి ఇంటాయనకూ రాసి ఇచ్చేదాన్ని.


ఫిబ్రవరి 3. సూర్యాపేట

జవాబు వచ్చింది. చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"ప్రియమైన ప్రవళికా, ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. ఒకటి రెండు మాటలు నా నిఘంటువులో దొరకలేదు, మీరు వచ్చాక చెప్పండి. చేపలు తినడం మంచిదే, ఏడు గంటలకు చేపలాయన గేటు దగ్గరికే వస్తాడు. రెండు వందలు ఎందుకో అర్థం కాలేదు. కానీ నేను అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

అప్పుడు పైకి జరిపి మొదటి మెసేజ్ చదివాను. నాలుగు రోజులు తెరవని మెసేజ్.

"దయచేసి ఏమీ అనుకోవద్దు, ఒక మాట అడగాలి. మీ అమ్మగారు మంచం మీద నుంచి లేచేటప్పుడు మోకాలు పట్టుకున్నారు. పై వాటాకు పద్నాలుగు మెట్లు, నిటారుగా ఉంటాయి. ఆమెకు కష్టమైతే కింద నేనుండే గదులు మీకిస్తాను, ఆ నాలుగు రోజులు నేను పైన పడుకుంటాను. నాకు మెట్లు అలవాటే. ముందే చెబితే దుప్పట్లు మారుస్తాను."

చాందీకి చూపించకూడదనుకున్నాను. భుజం మీదుగా చదివేసింది. నవ్వి నవ్వి దండెం మీది బట్టల్లో పడింది. దండెం తెగింది.

"రెండు వందలు పంపమన్నవా? మోకాళ్లడిగినందుకు ఫైనా?"

"నవ్వకు."

"అన్నీ తింటం, కొనుక్కొని తింటం..."

"చాందీ."

"మరి జవాబియ్యి. మోకాళ్లెట్లున్నయ్?"

రిపేరు వీడియోల్లో క్షమాపణ మాట రాదు. సాయంత్రం దాకా వెతికి ఇలా రాశాను: "మోకాళ్లు బాగా లేవు. బురదలో వంగి వంగి అయ్యాయి. రెండు వందలు వద్దు. నా వైరింగ్ తప్పు."

ఆమె ఒక నవ్వు బొమ్మ పంపింది. దాని కింద కుక్క ఫోటో.


ఫిబ్రవరి 9, ఆదివారం. వేములపల్లి

అన్నకు చాందీ ముందే ఫోన్ చేసి చెప్పింది. నేను వాకిట్లో అడుగు పెట్టగానే, "దండాలు మేడం. మోకాళ్లెట్లున్నయ్?" అన్నాడు.

అమ్మ మాత్రం నవ్వలేదు. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "ఆమె ఉండే గదులే ఇస్తనన్నదా?" అంది. ఔనన్నాను.

"ఆమె మంచమేనా?"

"ఆమె మంచమే."

అమ్మ పెరట్లోకి పోయి కోడిని వెతికింది. కోడి ఎదురుగానే ఉంది.


ఫిబ్రవరి 17

ఊరి బయట కొండ మీద గట్టు జాతర. షాపులో జనం. కొండ ఎక్కుతూ జారవిడిచినవి, గుంపులో తొక్కినవి, ఒకటి గొర్రె నమిలినది. దేవుడు మొక్కులు తీసుకున్నట్టు నేను ఫోన్లు తీసుకుంటున్నాను. కూర్చోవడానికి టైం లేదు.

మైక్రోస్కోపు డబ్బులో మిగిలినదానితో తీసుకున్న టికెట్లు వచ్చాయి.


ఫిబ్రవరి 23. నెగొంబో

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒడిలో పెట్టుకొని రాస్తున్నాను. తలుపులు ఫోటోలో కన్నా పాతవి. సముద్రం ఫోటోలో కన్నా పెద్దది.

నిన్న గేటు దగ్గరే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి ఓనరమ్మ చేతిలో పెట్టింది. "బయానా మీద ఒక్కటి" అని తెలుగులోనే చెప్పింది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, మరియమ్మ పటం ముందు గవ్వల గిన్నెలో వేసింది. గుడ్లు మూడు పగిలాయి, ఐదు బతికాయి.

రాత్రి అమ్మ కింద చాప కోసం వెతికింది. ఓనరమ్మ అది చూసి, చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి తన మంచం మీద కూర్చోబెట్టి, ఒక సీసా తెచ్చి మోకాళ్లకు నూనె రాయడానికి వంగింది. అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"వద్దని చెప్పే! పెద్దామె, నా కాళ్లు ముట్టుడేంది?"

చెప్పాను. "మీ అమ్మ నా గిన్నెలు ముట్టుకుంటుందని నువ్వే కదా బెదిరించావు, నేను ఆమె కాళ్లు ముట్టుకోకూడదా?" అంది ఓనరమ్మ.

నేను వరండాలోకి వెళ్లాను. కళ్లలో ఉప్పు గాలి.

ఇవాళ పొద్దున నేను లేచేసరికి అమ్మ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గు కూడా వేసింది. ఓనరమ్మ అది తొక్కకుండా గోడ పట్టుకొని నడుస్తోంది. కుక్క తొక్కింది. అమ్మ దానికి బిస్కెట్ పెట్టింది. నేను నియమం చదివి వినిపించాను.

"అది అడగలే. నేనే పెట్టిన," అంది.


ఫిబ్రవరి 25

అమ్మ చేతిలోంచి కప్పు జారి పగిలింది. నీలం పువ్వుల కప్పు. అమ్మ ముక్కలు ఏరుతూ, "డిపాజిట్ పోయిందే," అంది. నేను కూడా అదే అనుకున్నాను. పోయిందని నేను అనుకున్నది నూరు డాలర్లు కాదు, ఆమె మమ్మల్ని చూసే తీరు.

ఓనరమ్మ చీపురు తెచ్చి, "కాళ్లు జాగ్రత్త" అంది. ఇంకేం అనలేదు.


మార్చి 5. సూర్యాపేట

డిపాజిట్ వెనక్కి వచ్చింది. తొంభై ఎనిమిది. కింద కారణం రాశారు: "కప్పు ఒకటి."

సత్యనారాయణ సార్ కార్డులోకి వచ్చింది కాబట్టి ఆయనే ఫోన్ చేశాడు. "రెండు డాలర్లు పట్టేసింది కదమ్మాయ్ ఆవిడ!"

నాకు సంతోషమేసింది, అది ఆయనకు చెప్పలేకపోయాను. పాపం పేదవాళ్లు అని వదిలేయలేదు. మీలాంటోళ్లు ఇంతే అని మొత్తం పట్టుకోలేదు. కప్పు పగిలింది, కప్పుకు పట్టుకుంది. లెక్క అంటే అది.

ఇక్కడి ఇంటాయన అడ్వాన్సులో మేకుల చిల్లులకు, గడియకు, సున్నానికి పట్టుకుంటున్నాడు. గడియ ముందు నుంచే వదులుగా ఉందని చెప్పాను.


మార్చి 7

ఐదు రోజుల్లో ఏడు ఇళ్లు. ఏడు "ఏమనుకోకు"లు.

చాందీ తన మేనత్త ఇంటికి పోదామంటుంది. ఇంకా మూడు రోజులుంది.


మార్చి 9, ఆదివారం

గుర్తు ఉండగానే రాస్తున్నాను.

విద్యానగర్ దగ్గర, పైన ఒక గది, బాత్రూం విడిగా. రిటైరైన సారు, ఆయన భార్య. గది చూపించాడు, నల్లా చూపించాడు, కరెంటు మీటర్ చూపించాడు. కిందికి దిగాక గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు.

"ఏమనుకోకు బిడ్డా. ఒక్క మాట అడగాలె..."

"మా అమ్మ మోకాళ్ల గురించా సార్? ఇప్పుడు నయమే ఉన్నయ్."

నిజంగా అనాలనుకోలేదు. నెల రోజులుగా చాందీ, అన్న పొద్దునా సాయంత్రం అదే అడుగుతుంటే నోటికి వచ్చేసింది. సారు నోరు తెరిచే ఉంది. ఆయన ప్రశ్న లోపలే ఉండిపోయింది.

లోపలి నుంచి ఆడగొంతు. "ఏం మందు వాడుతున్నరో అడుగుండ్రి!"

ఆమె గోడ పట్టుకొని తనే బయటికి వచ్చింది. రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నెగొంబో నూనె సంగతి చెప్పాను, వచ్చేటప్పుడు ఓనరమ్మ ఇచ్చిన సీసాలో సగం ఇంకా ఉందని చెప్పాను. మెట్లు ఎక్కుతదా మీ అమ్మ, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, సలికి గుంజుతయా? నా జీవితంలో ఇంటివాళ్లు ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ అడగలేదు. అన్నిటికీ జవాబు చెప్పాను. సారు పక్కనే నిలబడి వంతు కోసం చూస్తున్నాడు. గేటు దగ్గర దొరికింది.

"అదంత సరేగని... మీరేమోళ్లు బిడ్డా?"

"మాదిగోళ్లం సార్. మా అమ్మ రూతమ్మ, నాట్లేస్తది. ఎండు రొయ్యలు తెస్తది. నా దోస్తు చాందీ లంబాడోళ్ల పిల్ల. ఇద్దరం ఉంటం. మెల్లగ మాట్లాడం, అది ముందే చెప్తున్న."

గొంతు పెరగలేదు. కోపం లేక కాదు. ఉంది. ఈసారి దాన్ని ఉన్నదని రాస్తున్నాను.

సారు గేటు గొళ్లెం వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. భార్యవైపు చూశాడు. ఆమె అరుగు మీద కూర్చొని మోకాలు నిమురుకుంటూ ఉంది.  నేను బ్యాగు భుజాన వేసుకున్నాను.

"ఆ నూనె," అంది, "సామానుతోటే తెస్తవా, ముందుగాల తెస్తవా?"

"తాళంచెవి ఎప్పుడిస్తే అప్పుడు తెస్త అమ్మా."

ఆమె చెయ్యి చాపింది. సారు ఇంకోసారి గొంతు సవరించుకొని, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నా చేతిలో కాదు. ఆమె నా చేతిలో పెట్టింది.

బయానా ఇచ్చాను. సున్న మీద ఒకటి పెట్టి ఇచ్చాను.